ఏడు లక్షల తేడా ఎక్కడుంది? ఇంటర్‌సెప్టర్ 650, బాన్‌విల్ టీ100

గుండ్రటి హెడ్‌లైటు, బల్లపరుపు సీటు, పక్కపక్కన నిలబడ్డ రెండు సిలిండర్లు, చెరోవైపు ఒక సైలెన్సర్. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650నీ, మా బామ్మర్ది ట్రయంఫ్ బాన్‌విల్ టీ100నీ సెల్లార్‌లో పక్కపక్కన పెడితే బండ్ల మీద ఆసక్తి లేనివాళ్లకు రంగు తప్ప తేడా కనిపించదు. ధరలో మాత్రం షోరూం లెక్కనే ఏడు లక్షలకు అటూఇటూ తేడా ఉంది. వాడు కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్. నాది లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, బోగీల కింద స్ప్రింగులూ బేరింగులూ చూసే పని. ఇనుము కనబడితే దానికి వెల కట్టే అలవాటు ఇంటికొచ్చినా పోదు. "ఆ ఏడు లక్షలు ఎక్కడున్నయో చూపియ్‌రా" అంటే "నడిపితే తెలుస్తది బావా" అన్నాడు. అప్పట్నుంచి వీలున్న ఆదివారాల్లో తాళాలు మార్చుకుంటున్నాం. వెతికింది ఎక్కడ దొరికిందో, ఎక్కడ దొరకలేదో చెప్తాను.

రెండూ అమ్ముకునేది పాత పేరునే కాబట్టి పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. అమెరికాలో యూటా రాష్ట్రంలో బాన్‌విల్ అనే ఉప్పు మైదానం ఉంది. 1956లో జానీ ఆలెన్ అనే అతను ట్రయంఫ్ ఇంజను పెట్టిన పొడుగాటి బండిలో అక్కడ గంటకు 214 మైళ్ల వేగం అందుకున్నాడు. ఆ పేరు పెట్టి 1959 మోడల్‌గా టీ120 తెచ్చారు, 649 సీసీ. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్ల మెరిడెన్ ఫ్యాక్టరీ 1983లో మూతపడ్డాక, ఇళ్లు కట్టే వ్యాపారి జాన్ బ్లోర్ కంపెనీ పేరు కొని, హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ కట్టి, 2001లో బాన్‌విల్‌ను మళ్లీ లేపాడు. ఎన్‌ఫీల్డ్ కథ ఇంకో తీరు. 1960లలో రెడిచ్‌లో ఇంటర్‌సెప్టర్ తయారు చేసిన ఇంగ్లండ్ కంపెనీ పోయింది, 1955లో మద్రాసులో వేసిన కొమ్మ బతికింది. ఆ కొమ్మే 2017 నవంబరులో మిలాన్ ప్రదర్శనలో ఇంటర్‌సెప్టర్ 650ని చూపించి, మరుసటి ఏడాది నవంబరులో మన దగ్గర రెండున్నర లక్షల ధరకు అమ్మకానికి పెట్టింది. నాది 2019 బండి.

ఇందులో ఒక తమాషా ఉంది. 1959 బాన్‌విల్ 649 సీసీ, గాలితో చల్లబడే ఇంజను. ఇవాళ దానికి దగ్గరగా ఉన్నది ట్రయంఫ్ కాదు, 648 సీసీ ఎన్‌ఫీల్డే. గాలీ ఆయిలే దీన్ని చల్లబరుస్తాయి, ముందు చిన్న ఆయిల్ కూలర్ ఉంటుంది. టీ100 ఎప్పుడో 900 సీసీకి, నీళ్లకు, రేడియేటర్‌కు మారిపోయింది. వారసత్వం గురించి వాడు మొదలుపెట్టినప్పుడల్లా నేను ఈ మాట అంటిస్తుంటాను.

ఇంజను లోపల మాత్రం ఇద్దరిదీ ఒకే ఆలోచన. పాత బ్రిటిష్ ట్విన్లలో, అంటే రెండు సిలిండర్ల బండ్లలో, రెండు పిస్టన్లూ కలిసి పైకి, కలిసి కిందికి. దాంతో వణుకు ఎక్కువ. ఇప్పుడు రెండు బండ్లలోనూ క్రాంక్, అంటే పిస్టన్ల ఎగుడుదిగుడును తిప్పుడుగా మార్చే ఇరుసు, 270 డిగ్రీలది. ఒక పిస్టన్ కొసకు చేరి దిశ మార్చుకునే వేళకు రెండోది నడిమధ్యలో పూర్తి వేగంతో ఉంటుంది. ఒకదాని విసురును ఇంకొకటి సర్దుతుంది, మిగిలిన కుదుపు బ్యాలెన్సర్ షాఫ్ట్ చూసుకుంటుంది. మంట కూడా సమాన దూరాల్లో వెలగదు. 270 డిగ్రీలకు ఒకటి, ఆ తర్వాత 450 డిగ్రీలకు ఇంకొకటి. అందుకే వీటి చప్పుడు డప్పు మీద ఎడంగా పడే దరువులా ఉంటుంది. మన దగ్గర ట్విన్ అంటే చాలామందికి గుర్తొచ్చేది రాజ్‌దూత్ 350. అది టూ స్ట్రోక్, దాని కేక వేరు. అలాంటిది ఆశించి వస్తే ఈ రెండూ నచ్చవు.

ఇంజను సామ్యం అక్కడితో సరి. ఇంటర్‌సెప్టర్ 47 హార్స్‌పవర్, 52 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ టార్క్ పూర్తిగా చేతికొచ్చేది ఇంజను నిమిషానికి 5,000 చుట్లు (ఆర్‌పీఎం) దాటాక. టీ100 65 హార్స్‌పవర్, 80 న్యూటన్ మీటర్లు, అది కూడా 3,750 దగ్గరే. కాగితం మీద చూసేవాళ్లు 47, 65 అంకెల దగ్గర ఆగిపోతారు. నేనైతే ఆ 3,750 అనే అంకె దగ్గర ఆగుతాను. ఏడు లక్షల్లో మొదటి పెద్ద వాటా దొరికింది అక్కడే.

తార్నాక నుంచి ఉప్పల్ దాకా సాయంత్రం పూట వెళ్లి చూడండి. ఇంటర్‌సెప్టర్ మీద రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. క్లచ్ తేలికే, వేళ్లు నొప్పి పుట్టవు, గేర్లు వెన్నలా పడతాయి. అయినా ఎడమ కాలికి పని తప్పదు. టీ100కి అయిదు గేర్లే. మూడో గేరులో వేసి వదిలేస్తే ఆటో వెనక నత్తనడక నడుస్తుంది, సందు దొరికితే అక్కణ్నుంచే లాగుతుంది. వంతెన ఎక్కేటప్పుడు, వెనక మనిషి ఉన్నప్పుడు, ఈ సుఖం ఇంకా తెలుస్తుంది. ఎక్స్‌లేటర్ కొంచెం తిప్పితే చాలు, బండి అడక్కుండానే చేసినట్టు ఉంటుంది. ఎన్‌ఫీల్డ్‌లో అడగాలి. అడిగితే ఇస్తుంది, 4,000 దాటాక సంతోషంగా ఇస్తుంది, కానీ అడగాలి.

నాకు అడగడమే ఇష్టం. అది నా గుణం, బండి గుణం కాదు.

ఎండాకాలం సిగ్నల్ దగ్గర వేడి సంగతి. మే నెలలో రెండూ కాళ్లు కాలుస్తాయి, పద్ధతే వేరు. ఎన్‌ఫీల్డ్ వేడి ఇంజను రెక్కల నుంచి మెల్లగా మోకాళ్ల దగ్గరికొస్తుంది. ట్రయంఫ్ ఫ్యాను ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టి వేడిగాలి మీదకు తోస్తుంది. బండి కదిలిందంటే ట్రయంఫ్ తొందరగా చల్లబడుతుంది.

బండి అసలు రంగు మాత్రం శ్రీశైలం రోడ్డు మీదే బయటపడింది. హైదరాబాద్ వాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు. తుక్కుగూడ దాటాక కడ్తాల్, కల్వకుర్తి దాకా సాఫీగా, తిన్నగా పోయే రోడ్డు. డిండి తర్వాత నేల మారుతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నల్లమల మొదలు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూస్తారు కాబట్టి చీకట్లో బయల్దేరి గేటు తెరిచే వేళకు చేరితే చల్లగా ఉంటుంది, కోతులు కూడా ఇంకా రోడ్డు మీదకు రావు. వటవర్లపల్లి దాటాక చిన్న చిన్న మలుపులు, దోమలపెంట నుంచి పాతాళగంగ వంతెన దాకా ఘాట్.

కల్వకుర్తి దాకా తిన్నగా పోయే చోట గంటకు వంద దగ్గర ఇంటర్‌సెప్టర్ ఆరో గేరులో నాలుగు వేల చుట్టూ తిరుగుతూ హాయిగా ఉంటుంది. హ్యాండిల్ జిల్లుమనదు, అద్దంలో వెనక లారీ నంబరు చదవొచ్చు. అక్కడ టీ100 ఇంకా నిమ్మళం, అంతే, పెద్ద తేడా కాదు. రెండింటికీ గాలి ఆపే అద్దం లేదు కాబట్టి వందా పదీ దాటితే మెడ చెప్తుంది చాలని. అంటే ట్రయంఫ్‌లో పైన మిగిలిన బలం మన రోడ్ల మీద ఖర్చయ్యే అవకాశమే తక్కువ. మలుపుల్లో నేను ఎన్‌ఫీల్డ్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను. ఫ్రేము తీర్చింది హారిస్ పర్ఫామెన్స్ అనే ఇంగ్లండ్ సంస్థ. రేసు బండ్ల ఫ్రేములకు పేరున్న వాళ్లను 2015లో ఎన్‌ఫీల్డ్ యజమాని ఐషర్ కొనేసింది. రెండు చక్రాలూ 18 అంగుళాలవే, వెనక టైరు 130. బండి 218 కిలోలు ఉన్నా మలుపులో తల తిప్పినట్టు తిరుగుతుంది. టీ100 పది కిలోలు బరువెక్కువ, వెనక 17 అంగుళాల చక్రానికి 150 టైరు. మలుపులోకి నింపాదిగా వాలుతుంది, వాలాక కదలదు. పెద్దమనిషి నడక. తప్పు పట్టలేం గానీ వాలిన ప్రతిసారీ నవ్వు రాదు.

ఇంటర్‌సెప్టర్ మీద నవ్వొస్తుంది. ఈగలపెంట తర్వాత దిగేటప్పుడు మూడో గేరులో ఇంజను పట్టుతోనే వేగం తగ్గించుకుంటూ, బ్రేకు ముట్టుకోకుండా రెండు మూడు మలుపులు దిగితే, వెనక సైలెన్సర్లు గుర్రుమంటుంటే, ఈ ధరలో ఇంతకు మించి ఏం కావాలి అనిపిస్తుంది. వాడి బండి మీద అదే దారి దిగి వచ్చి "బాగుందిరా" అన్నాను. నా బండి మీద దిగి వచ్చిన వాడు ఏమీ అనలేదు, మళ్లీ తాళం అడిగాడు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ తమ్ముడి బండెక్కింది, కల్వకుర్తి దగ్గర టీ తాగాక నా వెనకకు మారింది. కడ్తాల్ చేరేలోపే, "వాడి బండిలో గుంత వస్తే తెలిసింది, నీ బండిలో గుంత తగిలింది" అంది. ఇంతకంటే కచ్చితమైన సస్పెన్షన్ రివ్యూ నేనెక్కడా చదవలేదు. లెక్క కూడా ఆవిడ వైపే ఉంది. ఇంటర్‌సెప్టర్ వెనక చక్రం పైకీ కిందికీ ఆడే దూరం 88 మిల్లీమీటర్లు. టీ100ది 120. ముందు ఫోర్కులు రెండింటికీ 41 మిల్లీమీటర్ల లావే, ఆట ఎన్‌ఫీల్డ్‌ది 110, ట్రయంఫ్‌ది 120. లోపల ట్రయంఫ్‌ది కార్ట్రిడ్జ్ రకం, ఆయిల్ కదలికను మెరుగ్గా పట్టి ఉంచుతుంది. వెనక ఆ 32 మిల్లీమీటర్లు చిన్న తేడా అనుకోవద్దు. స్ప్రింగుల పని చేసేవాడిగా చెప్తున్నా, ఆట తక్కువున్న చోట స్ప్రింగు గట్టిగా పెట్టక తప్పదు, లేకపోతే బరువు పడగానే అడుగు తగులుతుంది. గట్టి స్ప్రింగు చిన్న గుంతలను నడుముకు చేరవేస్తుంది. ఒంటరిగా వెళ్తే సర్దుకోవచ్చు. ఇద్దరూ ఓ బ్యాగూ ఉంటే, మన జిల్లా రోడ్ల మీద, ఏడు లక్షల్లో రెండో వాటా ఇదే.

సీటు కూడా దీనికి తోడు. ఇంటర్‌సెప్టర్ సీటు చూడ్డానికి అందంగా, కూర్చుంటే పలచగా ఉంటుంది. గంటన్నర దాటితే ఒళ్లు కదుపుకోవాలి. ఎత్తు 804 మిల్లీమీటర్లు, టీ100ది 790. నేను అయిదడుగుల అయిదు. ట్రయంఫ్ మీద రెండు పాదాలూ నిండుగా ఆనుతాయి, నా బండి మీద మడమలు కొంచెం లేస్తాయి. మీ ఎత్తు అయిదూ ఎనిమిదైతే ఈ వాక్యం వదిలేయండి.

బ్రేకుల గురించి పెద్దగా చెప్పేది లేదు. రెండింటికీ ముందొకటి వెనకొకటి డిస్క్, గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకోకుండా రెండు చక్రాలకూ ఏబీఎస్. ట్రయంఫ్ ముందు బ్రేకు బ్రెంబో, లివర్ మీద వేలి ఒత్తిడికి స్పందన ఇంకా సన్నగా ఉంటుంది. ఎన్‌ఫీల్డ్‌ది బైబ్రే, ఆ బ్రెంబో వాళ్లదే. ఆగాల్సిన చోట రెండూ ఆగుతాయి. ట్రయంఫ్‌లో అదనంగా వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, వాన మోడ్ ఉన్నాయి. జూన్‌లో తొలి చినుకులకు రోడ్డు మీద ఆయిల్ తేలినప్పుడు, మెట్రో పిల్లర్ల పక్కన తెల్ల గీతల మీద బండి తిప్పాల్సి వచ్చినప్పుడు, వాటి విలువ తెలుస్తుంది. నా బండిలో అవేవీ లేవు, గేరు ఎంతలో ఉందో చెప్పే అంకె కూడా లేదు. ట్రయంఫ్ మీటర్లో అదీ ఉంది, ట్యాంకులో ఉన్న పెట్రోలు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో కూడా ఉంది.

ఇక దగ్గర కూర్చుని చూసే సంగతులు. ఒకరోజు సెల్లార్‌లో టార్చిలైటు వేసి టీ100ని కింద నుంచి పైదాకా చూశాను. ట్యాంకు మీది సన్న గీతలు చేత్తో గీసినవి, వేలితో తడిమితే తెలుస్తుంది. వైర్లు ఎక్కడా వేలాడవు. ప్రతి బ్రాకెట్టుకూ అంచు తీసేసి ఉంటుంది. వెల్డింగు వరస బాగుంది. దాంతోపాటు కొంత నాటకం కూడా ఉంది. నీళ్లతో చల్లబడే ఇంజనుకు రెక్కలు చెక్కారు, పాతదనిపించాలని. ఇంధనం చిమ్మే భాగానికి పాత కార్బొరేటర్ ముసుగు వేశారు. సైలెన్సర్ గొట్టం ఇంజను నుంచి తిన్నగా వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది, నిజానికి పొగ మధ్యలో కిందికి మళ్లి, ఇంజను కింద దాచిన, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ పెట్టెలో తిరిగి వెనక్కి వస్తుంది. రేడియేటర్‌ను ఫ్రేము గొట్టాల మధ్య ఇరికించి కనపడకుండా చేశారు. వృత్తిరీత్యా ఈ పనితనానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ మనసుకు నచ్చేది నా బండి రెక్కలే, అవి నిజంగా గాలి పీల్చుకుని పని చేస్తున్నాయి కాబట్టి. ఎన్‌ఫీల్డ్ ఫినిషింగ్ ధరకు తగ్గట్టు బాగుంది, ఇంజను మీద పాలిష్ చేసిన కవర్లు ఎండలో మెరుస్తాయి. దగ్గరకు వెళ్తే స్విచ్చుల దగ్గర, క్లిప్పుల దగ్గర లెక్క చూసుకున్నట్టు తెలుస్తుంది.

చేతులకు గ్రీజు అంటించుకునే వాళ్లకు ఒక మాట. ఇంటర్‌సెప్టర్‌కు సెంటర్ స్టాండు బండితోపాటే వస్తుంది. టీ100కి విడిగా కొనాలి. పది లక్షల బండికి స్టాండు కొనడమేమిటని వాడు కొనలేదు, చైనుకు ఆయిల్ పెట్టాలంటే బండిని ముందుకు తోస్తూ, కూర్చుంటూ, లేస్తూ, మా ఇంటి ముందు కసరత్తు చేస్తాడు. ఇంటర్‌సెప్టర్‌లో వాల్వుల సందు సరిచేసే టాపెట్లు స్క్రూ, లాక్‌నట్ రకం. ట్యాంకు దించి, కవర్లు విప్పి, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి సరిచూసుకోవచ్చు, పాత బుల్లెట్ చేసిన మేస్త్రికి కూడా అర్థమవుతుంది. టీ100 సర్వీసు 16,000 కిలోమీటర్లకో, ఏడాదికో ఒకసారి. అంతదాకా ముట్టుకోనక్కర్లేదు, కానీ ముట్టుకోవాల్సి వస్తే కంప్యూటర్ తగిలించేవాడి దగ్గరికే పోవాలి. నా బండికి బేరింగో ఆయిల్ సీలో కావాలంటే రాణిగంజ్‌లో తిరిగితే దొరుకుతుంది. ఒరిజినల్ పార్టు కావాలన్నా వచ్చేది చెన్నై నుంచే కదా.

రెండింటిలోనూ స్పోకు చక్రాల లోపల ట్యూబులే. హైవే మీద పంచరైతే చక్రం ఊడదీయాల్సిందే, అందం కోసం ఈ కష్టం ఇద్దరికీ సమానం. ఎన్‌ఫీల్డ్ 2023 నుంచి కొన్ని రంగుల్లో అల్లాయ్ చక్రాలూ ట్యూబ్‌లెస్ టైర్లూ, అన్నింటికీ ఎల్ఈడీ హెడ్‌లైటూ ఇస్తోంది. ఇవాళ కొత్తది కొంటే నేను అల్లాయ్‌దే తీసుకుంటాను, పాతకాలపు అందం అని ఎవరేమన్నా సరే. పెట్రోలు లెక్కలో పెద్ద తేడా లేదు, లీటరుకు 25కు అటూఇటూ. ట్యాంకులు 13.7, 14.5 లీటర్లు.

డబ్బు సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్లకు జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. ఇంటర్‌సెప్టర్‌కూ అదే శాతం, టీ100కీ అదే శాతం. కానీ ఒకటి మూడు లక్షల చిల్లర మీద, ఇంకొకటి పది లక్షల పైమాట మీద. దాని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, అవీ ధరను బట్టే. అంటే ఆ ఏడు లక్షల్లో నాలుగో వంతుకు పైగా నేరుగా పన్నుకే పోతోంది. ఇనుములో వెతికితే అది ఎక్కడ దొరుకుతుంది? మిగిలినదాంట్లో 3,750 దగ్గర దొరికే టార్క్, వెనక షాకబ్జర్లు, ట్రాక్షన్ కంట్రోల్, ఆ రంగు, ఆ దాపరికపు పనితనం నాకు కళ్లకు కనిపించాయి. ఇంకా మిగిలింది ట్యాంకు మీది పేరు. దానికి వెల కట్టడం నా వల్ల కాదు, వాడి వల్ల అవుతుంది. పోనీ ఇంత పెట్టి కొన్నాక మన ఔటర్ రింగు రోడ్డు మీదకైనా వెళ్లనిస్తారా అంటే, రెండు చక్రాల బండికి అక్కడ ప్రవేశమే లేదు. పక్కన సర్వీసు రోడ్డు మీద పోవాలి, లూనాతో సమానంగా.

నా లెక్కలో, ఒంటరిగానో మలుపుల కోసమో బండి నడిపేవాళ్లకు, పానా పట్టుకోవడం సరదా ఉన్నవాళ్లకు, ఇంటర్‌సెప్టర్ తర్వాత ఇంకో ఆలోచన అక్కర్లేదు. కొని, సీటు కుషన్ మార్పించి, వెనక మంచి షాకబ్జర్లు వేయించండి. ఇంటావిడ ఫిర్యాదులో సగం పోతుంది. ఆట 88 మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి సగమే. ఎప్పుడూ ఇద్దరు వెళ్లేవాళ్లు, గేర్లతో విసుగు పుట్టేవాళ్లు, ఆదివారం పొద్దున బండి తుడుస్తూ అరగంట చూస్తూ కూర్చోగలిగేవాళ్లు, అప్పు లేకుండా కొనగలిగితే టీ100 కొనుక్కోవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు. ఆ వడ్డీతో ఇంటర్‌సెప్టర్‌కు ఏళ్ల తరబడి పెట్రోలు వస్తుంది.

టెస్ట్ రైడ్‌కు వెళ్లినప్పుడు షోరూం ముందున్న నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చేయకండి. వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి. దగ్గర్లో తవ్వి పూడ్చిన గల్లీ ఏదో చూసుకుని, అందులో మూడో గేరులో నడపండి. దిగాక ముందు ఆ మనిషినే అడగండి.